ప్రాసిక్యూటర్ల నియామకాల్లో అందరికీ చోటు ఉందా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ప్రభుత్వం తరఫున క్రిమినల్ కేసులు నడిపేవారిని ఎలా ఎంచుకుంటారు? ఆ ఎంపికలో మహిళలకు, దళితులకు, ఆదివాసులకు, వెనుకబడిన తరగతులకు, మైనారిటీలకు, వైకల్యం ఉన్నవారికి దక్కుతున్నది ఎంత? లా విద్యార్థులు, జూనియర్ న్యాయవాదులు తరచుగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులున్నాయి. చట్టం ఏం చెబుతుందో చట్టంగానే చెప్పాం. మా అభిప్రాయం ఉన్నచోట అది అభిప్రాయమని తెలిసిపోతూనే ఉంటుంది.

పబ్లిక్ ప్రాసిక్యూటర్లందరినీ ఒకే పద్ధతిలో నియమిస్తారా?

లేదు. ఈ విషయంలో గందరగోళమంతా ఇక్కడే మొదలవుతుంది. ప్రాసిక్యూషన్‌లోకి వెళ్ళడానికి రెండు దారులున్నాయి.

మొదటిది పోటీ పరీక్ష. మేజిస్ట్రేట్ కోర్టుల్లో కేసులు నడిపే అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్లు, అంటే ఏపీపీలు, ఈ దారిన వస్తారు. నోటిఫికేషన్ వస్తుంది, రాతపరీక్ష ఉంటుంది, ఏ పోస్టు ఏ వర్గానికో వరుసగా చెప్పే రోస్టర్ ఉంటుంది. తెలంగాణలో 2021లో 151 పోస్టులకు, 2025లో 118 పోస్టులకు ప్రకటన వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2025లో 42 పోస్టులు ప్రకటించారు. ఇందులో ఒక తమాషా ఉంది. కేసు దర్యాప్తులో పాల్గొన్న పోలీసు అధికారిని అందులో ఏపీపీగా నియమించకూడదన్నది చట్టం పెట్టిన నియమం. అయినా రెండు రాష్ట్రాల్లోనూ ఏపీపీలను ఎంపిక చేసేది పోలీసు నియామక మండలే. పరుగుపందేలు, ఎత్తు కొలతలు మాత్రం ఉండవు, భయపడనక్కర్లేదు.

రెండోది ప్యానెల్ దారి. సెషన్స్ కోర్టుల్లో కొన్ని పదవులు క్యాడర్‌లో ఉన్నవారికి పదోన్నతి మీద వస్తాయి. మిగిలినవాటికి కనీసం ఏడేళ్ళ ప్రాక్టీసు ఉన్న న్యాయవాదులను నిర్ణీత కాలానికి ప్రభుత్వం నియమిస్తుంది. జిల్లా మేజిస్ట్రేట్, అంటే కలెక్టర్, సెషన్స్ జడ్జిని సంప్రదించి పేర్ల జాబితా తయారుచేస్తారు. అందులోంచి ప్రభుత్వం ఎంచుకుంటుంది. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఇది 24వ సెక్షన్. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 18వ సెక్షన్. అంకె మారింది గానీ పద్ధతి దాదాపు అదే.

మొదటి దారిలో ఎవరెవరు వచ్చారో లెక్క ఉంటుంది. రెండో దారిలో ఆ లెక్క ఎవరూ అడగరు. హత్య, అత్యాచారం, వరకట్న మరణం వంటి పెద్ద కేసులన్నీ నడిచేది సెషన్స్ కోర్టుల్లోనే కాబట్టి ఈ తేడా చిన్నది కాదు.

ఏపీపీ నియామకాల్లో రిజర్వేషన్లు ఎంతెంత?

ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు 6 శాతం, బీసీలకు అయిదు గ్రూపులు కలిపి 29 శాతం, ఆర్థికంగా బలహీన వర్గాలకు 10 శాతం. తెలంగాణలో ఎస్టీల వాటా 2022లో 10 శాతానికి పెరిగింది. మిగతావి అవే. వైకల్యం ఉన్నవారికి 4 శాతం, మహిళలకు మూడో వంతు.

2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఎస్సీల వర్గీకరణ చెల్లుతుందని తీర్పు ఇచ్చింది. ఆ తర్వాత ఎస్సీల 15 శాతాన్ని రెండు రాష్ట్రాలూ మూడు గ్రూపులుగా విభజించాయి. తెలంగాణలో 1, 9, 5 శాతాలు, ఆంధ్రప్రదేశ్‌లో 1, 6.5, 7.5 శాతాలు. మొదటి గ్రూపులో ఉన్నవి అత్యంత వెనుకబడిన చిన్న కులాలు. ఆంధ్రప్రదేశ్‌లోలా పోస్టుల సంఖ్య వందకు లోపు ఉన్న ఏపీపీ నోటిఫికేషన్‌లో ఒక శాతమంటే ఒక పోస్టు కూడా కాకపోవచ్చు. రోస్టర్ చక్రం తిరిగి తమ వంతు వచ్చేదాకా వాళ్ళు ఎదురుచూడాలి. అందుకే నోటిఫికేషన్లు ఏళ్ళ తరబడి ఆగిపోతే అందరికంటే ఎక్కువ నష్టపోయేది ఈ కులాలవారే. ఏటా ఖాళీలు ప్రకటించడం కూడా వైవిధ్యానికి పనికొచ్చే చర్యేనని చాలామందికి తట్టదు.

మహిళలకు మూడో వంతు అంటున్నారు. దాన్ని ఎలా లెక్కిస్తారు?

మహిళల రిజర్వేషన్ సమాంతరమైనది. అంటే ప్రతి కేటగిరీ లోపలా మూడో వంతు మహిళలు ఉండేలా చూడాలి. ఒక ఉదాహరణ చూద్దాం. బీసీ-డి కేటగిరీలో 6 పోస్టులున్నాయనుకుందాం. అందులో కనీసం ఇద్దరు మహిళలు ఉండాలి. ముందు మెరిట్ ప్రకారం ఆరుగురి జాబితా వేస్తారు. అందులో ముగ్గురు మహిళలు ఇప్పటికే ఉంటే చేయాల్సిందేమీ లేదు. ఒక్కరే ఉంటే జాబితా అడుగున ఉన్న పురుషుడి స్థానంలో మెరిట్‌లో తర్వాత ఉన్న మహిళను తీసుకుంటారు.

రాజేశ్ కుమార్ డారియా కేసులో 2007లో సుప్రీంకోర్టు ఈ పద్ధతిని వివరించింది. 2020లో సౌరవ్ యాదవ్ కేసులో మరో మాట కూడా స్పష్టం చేసింది. ఓపెన్ కేటగిరీ మహిళల స్థానాలు ఏ ఒక్క కులానికీ సొంతం కావు. మార్కులు ఎక్కువ వచ్చిన ఎస్సీ, ఎస్టీ, బీసీ మహిళలు కూడా వాటికి అర్హులే. దీన్ని పాటించని ఎంపిక జాబితాను కోర్టులో సవాలు చేయవచ్చు.

తెలంగాణలో అంతకుముందు మహిళలకు రోస్టర్‌లో నిర్దిష్టమైన పాయింట్లు కేటాయించేవారు. 2024 ఫిబ్రవరిలో వచ్చిన జీవో 3తో ఆ పాయింట్లు పోయి సమాంతర పద్ధతి వచ్చింది. మహిళలకు అన్యాయం జరిగిందని అప్పట్లో పెద్ద దుమారమే రేగింది. సుప్రీంకోర్టు చెప్పిన పద్ధతి ఇదే కాబట్టి చట్టం దృష్టిలో ఆ జీవోను తప్పుపట్టలేం. కానీ ఒక సంగతి అభ్యర్థులకు గట్టిగా చెప్పాలి. మూడో వంతు అనేది కనీస హామీ, అంతకు మించి రాకూడదని గీసిన గీత కాదు. మెరిట్‌లో సగం మంది మహిళలుంటే సగం పోస్టులూ వాళ్ళవే.

పరీక్షలో రిజర్వేషన్ ఉంది కదా, ఇంకా వైవిధ్యం గురించి మాట్లాడటం ఎందుకు?

పరీక్ష రాసేదాకా వచ్చినవారికే రిజర్వేషన్ పనికొస్తుంది. రాకుండా మధ్యలోనే ఆగిపోయినవారి సంగతి? ఏపీపీ పోస్టుకు లా డిగ్రీ ఒక్కటే చాలదు, క్రిమినల్ కోర్టుల్లో మూడేళ్ళ ప్రాక్టీసు కావాలి. ఆ మూడేళ్ళు ఎవరు బతగ్గలరన్నదే అసలు పరీక్ష.

జిల్లా కోర్టులో సీనియర్ దగ్గర జూనియర్‌గా చేరిన వ్యక్తికి మొదటి రెండేళ్ళు చేతికి వచ్చేది బస్సు చార్జీలకే సరిపోదు. వాయిదాలు తీసుకోవడం, కాపీ అప్లికేషన్లు వేయడం, సీనియర్ రాకపోతే జడ్జి గారి చివాట్లు తినడం, ఇదీ పని. ఇంట్లో మరో సంపాదన ఉన్నవాళ్ళు, సొంత ఊళ్ళోనే కోర్టు ఉన్నవాళ్ళు, తండ్రో మేనమామో వకీలుగా ఉన్నవాళ్ళు నెట్టుకొస్తారు. కూలిపనుల కుటుంబం నుంచి మొదటిసారి లా చదివిన అమ్మాయి ఈ మూడేళ్ళలోనే ఏ ప్రైవేటు కంపెనీ ఉద్యోగానికో, మరో పోటీ పరీక్షకో వెళ్ళిపోతుంది. ఆమె దరఖాస్తే చేయలేదు కాబట్టి ఏ గణాంకంలోనూ కనిపించదు.

సివిల్ జడ్జి పోస్టులకు మూడేళ్ళ ప్రాక్టీసు నిబంధనను సుప్రీంకోర్టు 2025 మే 20న పునరుద్ధరించింది. కాబట్టి ఈ సమస్య ఇక ప్రాసిక్యూషన్‌కే పరిమితం కాదు.

ఆ మూడేళ్ళ నిబంధన తీసేయాలంటారా?

అక్కర్లేదు. సాక్షిని ఎలా అడగాలో తెలియని మనిషిని నేరుగా కోర్టులో నిలబెడితే నష్టపోయేది బాధితులే. నిబంధన ఉంచి, ఆ మూడేళ్ళు గడిచే దారి చూపించాలి.

కొన్ని దారులు ఇంతకుముందే వేశారు. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ లా పట్టభద్రులను ప్రభుత్వ న్యాయవాదుల దగ్గర శిక్షణకు చేర్చి స్టైపెండ్ ఇచ్చే పథకాలు సంక్షేమ శాఖల్లో ఏనాటి నుంచో నడుస్తున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 డిసెంబరులో జూనియర్ న్యాయవాదులకు నెలకు 5,000 రూపాయలు ఇచ్చే పథకం మొదలుపెట్టారు. సీనియర్లు తమ జూనియర్లకు పట్టణాల్లో నెలకు 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 తగ్గకుండా ఇవ్వాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబరులో సిఫార్సు చేసింది. సిఫార్సు అంటే సిఫార్సే, ఏ సీనియరూ దాన్ని చూసి వణికిపోడు.

మా దృష్టిలో అన్నిటికంటే చవకైన మార్గం ఒకటుంది. జిల్లా ప్రాసిక్యూషన్ కార్యాలయాలే ఏటా కొందరు జూనియర్లను తీసుకుని, బతకడానికి సరిపడా స్టైపెండ్ ఇచ్చి, చార్జిషీటు పరిశీలన నుంచి వాదనల దాకా పని నేర్పాలి. ఆ కాలాన్ని ప్రాక్టీసుగా లెక్కించాలి. శిక్షణ పథకం సంక్షేమ శాఖ చేతిలో, పని నేర్పాల్సిన కార్యాలయం హోం శాఖ చేతిలో, నియామకం పోలీసు మండలి చేతిలో ఉన్నంతకాలం ఈ మూడూ కలవవు.

న్యాయవాదిగా నమోదు కావడానికి ఎన్‌రోల్‌మెంట్ ఫీజు కట్టలేక ఆగిపోయినవారి సంగతేమిటి?

2024 జులై 30న గౌరవ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఈ సమస్యను చాలావరకు తీర్చింది. బార్ కౌన్సిళ్ళు ఎన్‌రోల్‌మెంట్‌కు చట్టంలో ఉన్న 750 రూపాయలకు మించి వసూలు చేయకూడదు. ఎస్సీ, ఎస్టీలకు 125 రూపాయలే. అంతకుముందు రాష్ట్రాన్నిబట్టి వేలకు వేలు కట్టించుకునేవారు. అధిక ఫీజు బలహీన వర్గాలను వృత్తి గుమ్మం దగ్గరే ఆపేస్తుందని కోర్టు గుర్తించింది.

ప్యానెల్ ద్వారా నియమించే పబ్లిక్ ప్రాసిక్యూటర్ (పీపీ) పదవుల్లో రిజర్వేషన్ అడగవచ్చా?

అడగవచ్చు, కానీ చట్టంలో అది సిద్ధంగా లేదు. 24వ సెక్షన్‌లో గానీ, దాని స్థానంలో వచ్చిన 18వ సెక్షన్‌లో గానీ సామాజిక ప్రాతినిధ్యం గురించి ఒక్క ముక్క లేదు. ఇది న్యాయవాదికీ కక్షిదారుకూ మధ్య ఉండే నమ్మకం సంగతి, మా వకీలును మేం ఎంచుకుంటాం అన్నది ప్రభుత్వాల పాత వాదన.

ఆ వాదన పూర్తిగా చెల్లదని సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పింది. ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం ఒక్క సర్క్యులర్‌తో జిల్లాల్లోని ప్రభుత్వ న్యాయవాదులందరినీ తొలగిస్తే, 1990లో శ్రీలేఖ విద్యార్థి కేసులో దాన్ని కొట్టేసింది. ఇవి ప్రజా పదవులు, ఇక్కడా రాజ్యాంగంలో సమానత్వం గురించి చెప్పే 14వ అధికరణం వర్తిస్తుందని తేల్చింది. 2016లో బ్రిజేశ్వర్ సింగ్ చాహల్ కేసులో పంజాబ్, హరియాణాల ప్రభుత్వ న్యాయవాదుల నియామకాల తీరును తప్పుపట్టి, అవసరాన్ని అంచనా వేసి పారదర్శకంగా ఎంపిక చేయమంది.

చేయదలుచుకుంటే చేయవచ్చనడానికి పంజాబే ఉదాహరణ. 2022లో ఆ ప్రభుత్వం అడ్వొకేట్ జనరల్ కార్యాలయంలో ఎస్సీ న్యాయవాదుల కోసం 58 అదనపు పోస్టులు ప్రకటించింది. ఆదాయ అర్హత పెట్టడంతో అంత ఆదాయం ఉన్న ఎస్సీ న్యాయవాదులు తగినంతమంది దొరకలేదు. 2025లో ఆ అర్హతను సడలిస్తూ చట్టం మార్చారు. పోస్టు కేటాయించి అర్హత దగ్గర తలుపు మూస్తే ఏమవుతుందో తెలుసుకోవడానికి మూడేళ్ళు పట్టిందన్నమాట.

మన దగ్గర కనీసం చేయగలిగింది: ఖాళీ ఉందని బహిరంగంగా ప్రకటించడం, న్యాయవాదుల్లో ఎవరైనా దరఖాస్తు చేసుకునే వీలు కల్పించడం, ప్యానెల్‌లో ఎందరు మహిళలు, ఏయే వర్గాలవారు ఉన్నారో ఫైల్లో రాయడం. ఇప్పుడు ఖాళీ సంగతి బార్ అసోసియేషన్ గదిలో గుసగుసగా తెలుస్తుంది. అప్పటికి పేర్లు వెళ్ళిపోయి ఉంటాయి.

ప్రాసిక్యూటర్ నిష్పక్షపాతంగా ఉండాలి. అలాంటప్పుడు కులం, లింగం చూడటం తప్పు కాదా?

కేసు నడిపేటప్పుడు చూడటం తప్పు. నియామకంలో చూడటాన్ని రాజ్యాంగమే 16వ అధికరణంలో అనుమతించింది. ఈ రెండూ వేర్వేరు.

ప్రాసిక్యూటర్ పని ఎలాగైనా శిక్ష వేయించడం కాదు, సాక్ష్యాన్ని న్యాయంగా కోర్టు ముందు పెట్టడం. ఆ పనిలో తీర్పు కంటే ముందు కొన్ని వందల చిన్న నిర్ణయాలుంటాయి. ఏ సాక్షిని ముందు పిలవాలి, ఎవరిని వదిలేయాలి, సాక్షి తడబడితే భయపడ్డాడనుకోవాలా, ఎదురుతిరిగాడని ప్రకటించమని కోర్టును అడగాలా? ఊరి పెద్దల ముందు తలెత్తి మాట్లాడని మనిషి కోర్టులో ఎందుకు నేల చూస్తాడో, భర్త మీద కేసు పెట్టిన ఇల్లాలు రాజీకి ఎందుకు ఒప్పుకుంటుందో కొందరికి చెప్పనక్కర్లేకుండానే తెలుస్తుంది. అలాంటివాళ్ళు కార్యాలయంలో నలుగురు ఉంటే మిగతావాళ్ళకూ తెలుస్తుంది. అంతకు మించి పెద్ద సిద్ధాంతమేమీ లేదు.

ప్రతిభ దెబ్బతింటుందంటారు కదా?

2019లో బి.కె. పవిత్ర కేసులో సుప్రీంకోర్టు దీనికి జవాబు చెప్పింది. పరిపాలనా సామర్థ్యాన్ని పరీక్ష మార్కులతో మాత్రమే కొలవలేమని, సమాజంలోని అన్ని వర్గాలకూ చోటివ్వడం కూడా సామర్థ్యంలో భాగమేనని చెప్పింది. ఇంకో మాట. ఏపీపీ పరీక్షలో రోస్టర్ ద్వారా వచ్చినవారి ప్రతిభను ప్రశ్నించేవారు, ఏ పరీక్షా లేకుండా ప్యానెల్‌లో చేరిన పేర్ల గురించి ఆ ప్రశ్న అడగటం మేమింతవరకూ వినలేదు.

మహిళల కేసులు మహిళా ప్రాసిక్యూటర్లకే ఇవ్వాలా?

ఇవ్వాలని, పిల్లల మీద లైంగిక నేరాలకు వర్తించే పోక్సో చట్టంలో లేదు. 32వ సెక్షన్ అడిగేది ఏడేళ్ళ ప్రాక్టీసు ఉన్న ప్రత్యేక పీపీని మాత్రమే. చిన్నపిల్లల సాక్ష్యం తీసుకునేటప్పుడు మహిళా ప్రాసిక్యూటర్ ఉంటే మేలు జరిగే సందర్భాలున్నాయి, కాదనం. కానీ పోక్సో, గృహహింస కేసులన్నీ మహిళలకూ, అట్రాసిటీ కేసులన్నీ దళితులకూ అప్పగించి, హత్యలు, ఆర్థిక నేరాలు, ఏసీబీ కేసులు మిగతావాళ్ళు పంచుకునే అలవాటు మొదలైతే అది వైవిధ్యం కాదు, పని విభజనలో కొత్త అంటరానితనం. పదోన్నతి వేళ పెద్ద కేసుల అనుభవం లేదన్న మాట పడేది కూడా వాళ్ళే.

ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ కేసుల్లో బాధితులు తమకు నమ్మకమైన ప్రాసిక్యూటర్‌ను కోరవచ్చా?

కోరవచ్చు. 1989 చట్టంలోని 15వ సెక్షన్ ప్రత్యేక పీపీల గురించి చెబుతుంది. 1995 నిబంధనల్లో నాలుగోది ఇంకొంచెం ముందుకు వెళ్ళింది: బాధితులు కోరితే పేరున్న సీనియర్ న్యాయవాదిని ప్రాసిక్యూషన్‌కు నియమించవచ్చు.

తెలుగునాట దీనికి చుండూరు కేసు గుర్తుకొస్తుంది. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపేశారు. బాధితులు ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు కావాలన్నారు, తమకు నమ్మకం ఉన్న ప్రాసిక్యూటర్ కావాలన్నారు. రెండూ పోరాడితేనే వచ్చాయి. 2007 జులై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు ఆ శిక్షలను కొట్టేసింది. అంటే ప్రాసిక్యూటర్ మీద నమ్మకం ఉన్నంత మాత్రాన కేసు గెలుస్తామని కాదు. కానీ ఆ నమ్మకం లేకపోతే సాక్షులు పదహారేళ్ళు నిలబడరు.

చూపు లేనివారు, వినికిడి సమస్య ఉన్నవారు ప్రాసిక్యూటర్లు కాగలరా?

2016 వికలాంగుల హక్కుల చట్టం 34వ సెక్షన్ ప్రకారం 4 శాతం పోస్టులు కేటాయించాలి. అర్హులు దొరకలేదని ఆ పోస్టును వెంటనే ఇతరులకు ఇవ్వకూడదు, తర్వాతి నియామక సంవత్సరానికి తీసుకెళ్ళాలి. 2025 మార్చి 3న సుప్రీంకోర్టు చూపు లేనివారిని జ్యుడీషియల్ సర్వీసులోకి రానివ్వకపోవడం చెల్లదని తీర్పు చెప్పింది. తీర్పు రాసే జడ్జి కాగలిగినవారు వాదించే ప్రాసిక్యూటర్ కాలేరనడానికి కారణం కనబడదు.

ఆచరణలో అడ్డం పడేది వేరే. కేసు డైరీ చేతిరాతలో ఉంటుంది, దాన్ని ఫొటో తీసినట్టు స్కాన్ చేసి పెడతారు. తెర చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కు అది ఖాళీ కాగితంతో సమానం. పాత కోర్టు భవనాల్లో మొదటి అంతస్తుకు మెట్లే గతి. నియామకపత్రంతో పాటు చదివిపెట్టే సహాయకుణ్ణి, కింది అంతస్తులో కోర్టును ఇవ్వకపోతే 4 శాతం కాగితం మీదే ఉంటుంది.

ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు దరఖాస్తు చేయవచ్చా?

చేయవచ్చు. 2014లో సుప్రీంకోర్టు ఇచ్చిన నాల్సా తీర్పు, 2019 నాటి ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణ చట్టం ఉద్యోగాల్లో వివక్షను నిషేధించాయి. దరఖాస్తు ఫారంలో లింగం దగ్గర రెండే గడులుంటే ఫారం పంపేముందే నియామక మండలికి లిఖితపూర్వకంగా తెలియజేయండి.

భాష, ప్రాంతం కూడా వైవిధ్యంలోకి వస్తాయా?

తప్పకుండా వస్తాయి, కానీ అందరూ మరిచేది దీన్నే. తెలంగాణలో 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల తర్వాత ఏపీపీ పోస్టులు మల్టీజోన్ల వారీగా వస్తున్నాయి, 95 శాతం స్థానికులకే. అయితే ఒక మల్టీజోన్ సగం రాష్ట్రమంత ఉంటుంది. ఆదిలాబాద్‌లో గోండి మాట్లాడే సాక్షి వస్తే అర్థం చేసుకునే ప్రాసిక్యూటర్ దొరకడం అదృష్టం. పాడేరు, సీతంపేట వైపు కువి, సవర అనే గిరిజన భాషలు మాట్లాడేవారి పరిస్థితీ అంతే. హైదరాబాద్ పాతబస్తీలో ఉర్దూ రాని ప్రాసిక్యూటర్ సాక్షితో కోర్టు కానిస్టేబుల్ ద్వారా మాట్లాడటం చూస్తే, నిందితుణ్ణి పట్టుకొచ్చిన పోలీసే దుబాసీ కూడా ఎందుకయ్యాడన్న ప్రశ్న వస్తుంది. ఇలాంటి చోట్ల స్థానిక భాష తెలిసినవారికి పోస్టింగుల్లో ప్రాధాన్యం ఇవ్వడానికి కొత్త చట్టం అక్కర్లేదు, డైరెక్టరేట్ ఆఫ్ ప్రాసిక్యూషన్స్ ఉత్తర్వు చాలు.

నియామకం అయ్యాక ఏం చూడాలి?

వచ్చినవారు ఉన్నారా, వెళ్ళిపోయారా అన్నది. ప్రాసిక్యూటర్‌కు చాలా కోర్టుల్లో సొంత గది ఉండదు. బాధితురాలితో మాట్లాడాల్సింది వరండాలో, నిందితుడి బంధువులు వింటుండగానే. మహిళా సిబ్బందికి వేరే మరుగుదొడ్డి లేని కోర్టు సముదాయాలు ఇప్పటికీ ఉన్నాయి. ఒక్కో ఏపీపీ రెండు మూడు కోర్టుల అదనపు బాధ్యతలు మోస్తూ పట్టణాల మధ్య తిరుగుతుంటే, పసిపిల్లలున్న తల్లి ఎన్నాళ్ళు తిరగగలదు? ఖాళీలు నింపడమే ఇక్కడ మందు.

పదోన్నతుల సంగతి కూడా చూడాలి. ఎస్సీ, ఎస్టీలకు పదోన్నతుల్లో రిజర్వేషన్ రెండు రాష్ట్రాల్లోనూ అమల్లో ఉంది. మహిళలు పై మెట్లలో ఎందరున్నారన్నది విడిగా లెక్కిస్తేనే తెలుస్తుంది.

మా జిల్లాలో పరిస్థితి ఎలా తెలుసుకోవాలి?

సమాచార హక్కు చట్టం కింద డైరెక్టరేట్ ఆఫ్ ప్రాసిక్యూషన్స్ పౌర సమాచార అధికారికి దరఖాస్తు చేయండి. ఫీజు 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. పేర్లు, ఒక్కొక్కరి కులం అడగకండి, వ్యక్తిగత సమాచారమని తిప్పి పంపుతారు. మొత్తం సంఖ్యలే అడగండి: మంజూరైన పోస్టులెన్ని, ఖాళీలెన్ని, పనిచేస్తున్నవారిలో కేటగిరీల వారీగా ఎందరు, మహిళలెందరు, వైకల్యం ఉన్నవారెందరు, గతంలో భర్తీ కాక మిగిలిన బ్యాక్‌లాగ్ పోస్టులెన్ని.

ప్యానెల్ ద్వారా వచ్చిన పీపీల గురించి కలెక్టర్ కార్యాలయానికి వేరే దరఖాస్తు పెట్టండి. గత రెండు ప్యానెళ్ళలో మొత్తం ఎన్ని పేర్లు పంపారు, అందులో మహిళలెందరు, ఖాళీని ఎక్కడ, ఏ తేదీన ప్రకటించారు అని అడగండి. చివరి ప్రశ్నకు జవాబు ‘సమాచారం లేదు’ అని వస్తే దాన్ని పారేయకుండా మొదటి అప్పీలుకు జతచేయండి. అప్పీలు గడువు కూడా 30 రోజులే.